ఇసుక కింది వాగు

ముసలి పులి తన కొండవాలును చిరుతకు కౌలుకిచ్చింది. వాగు దాటి వేటాడితే కౌలు రద్దని షరతు పెట్టింది. అందుకే చిరుత కనబడగానే జింకలు వాగు దాటేసేవి.

ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. అవతలి గట్టెక్కిన జింకపిల్ల మీదికి చిరుత కదిలింది.

"ఆగు చిరుతయ్యా, వాగు దాటుతున్నావు," అంది ముసలి జింక.

"వాగెక్కడుందే ముసలీ? నీకు మతి పోయినట్టుంది. ఇదంతా ఇసుకే!"

ముసలి జింక గిట్టతో ఇసుక తవ్వింది. మోకాలి లోతులో చెలమ నీరు ఊరింది. కౌలు పోతుందన్న భయంతో చిరుత పళ్లు కొరుకుతూ వెనుదిరిగింది.

ముసలి జింక పిల్లను దగ్గరికి పిలిచింది.

"ఎక్కడ తవ్వాలో చూశావుగా తల్లీ? ఇప్పుడు నువ్వు తవ్వు. వచ్చే వేసవికి నాకు గుర్తుండదేమో."