కడియం మెచ్చుకోలు

కీళ్లవాతం పింఛనుకి అర్జీ పెడితే వారం రోజులు సర్కారు కడియం తొడుక్కోవాలి. ఒంటి కదలికలు కొలిచి, ఓపిక ఉందో లేదో అదే తేల్చి నోటితో చెబుతుంది. వేళ్లు వంకర్లు తిరిగిన నీలవేణి తొడుక్కుంది.

"వారం దాకా పిల్లని ముట్టకే. ఏడిస్తే ఏడవనీ," అంది అత్త సూరమ్మ.

మర్నాడే, అత్త ఇంట్లో లేనప్పుడు, పిల్ల ఒళ్లంతా కక్కుకుంది. నీలవేణి పళ్ల బిగువున నేలమీద చతికిలబడి, చాపిన కాళ్లమీద పిల్లని బోర్లా వేసుకుని నీళ్లు పోసింది.

"భేష్! మోకాళ్లు దివ్యంగా ఉన్నాయి. పింఛను అక్కర్లేదు," అంది కడియం.

దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన గుమాస్తా జాలిపడ్డాడు. "మళ్లీ పెట్టుకోమ్మా. ఈసారి పిల్లని మీ పుట్టింటికి పంపెయ్."

నీలవేణి కడియం ఊడదీసి అతని చేతిలో పడేసింది. "నాకొద్దు. మీ ఆఫీసరుకి తొడగండయ్యా. కుర్చీలోంచి కదలడుగా, పొద్దుగూకేలోగా పింఛనొస్తుంది."