బయటివాడి సంతకం

"సంతకం పెట్టడట!"

మేనేజరు అరుపుకి క్యాంపులో డ్రిల్లింగ్ మిషన్ ఆగిపోయింది.

డ్రిల్లరు చేతిలో పైపులు బిగించే ఇనుప రెంచి ఉందన్న సంగతి కూడా మరిచిపోయి రేకుల షెడ్డులోకి పరిగెత్తాడు.

లోపల బల్ల ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా దుమ్ము. పోయిన నెల వచ్చి, బోరులోంచి తీసిన రాతి కడ్డీలన్నిటినీ గీకి, నాకి, పగలగొట్టి చూసి వెళ్లింది ఈయనేనట. అప్పుడు డ్రిల్లరు సెలవులో ఉన్నాడు. క్యాంపులో అంతా ఆయనకి రాళ్ల డాక్టరని పేరు పెట్టి నవ్వుకున్నారు.

ఈ పూట నవ్వేవాడు లేడు.

"ఏం, భూమిలో బంగారం లేదంటాడా?" అన్నాడు డ్రిల్లరు.

"ఉందట. బోలెడుందట. సంతకం మాత్రం పెట్టడట!"

ఆ ఒక్క సంతకం మీదే అందరి బతుకూ వేలాడుతోంది. బంగారం ఉందని గనివాళ్లు ఎంత గొంతు చించుకున్నా పెట్టుబడి పెట్టేవాళ్లు నమ్మరు. కాకి పిల్ల కాకికి ముద్దే కదా! అందుకే బయటి నిపుణుడొకడు స్వయంగా వచ్చి, చూసి, నిబంధనల ప్రకారం రిపోర్టు రాసి, తన పేరు మీద సంతకం చెయ్యాలి. అది లేకపోతే చిల్లిగవ్వ రాలదు.

చాలాకాలంగా ఎవరికీ జీతాల్లేవు. డ్రిల్లరైతే జీతానికి బదులు కంపెనీలో వాటా తీసుకున్నాడు. పట్నంలో అద్దె గదిలో కొత్త పెళ్లాం ఉంది. ఎవరికీ చెప్పకుండా చేసుకున్న పెళ్లి. గని నిలబడితే తానూ నలుగురిలో తలెత్తుకు నిలబడొచ్చని వాడి ఆశ.

"ఎందుకు పెట్టవు?" అని ఆయన మీదికి వెళ్లాడు.

"నేను పెట్టకూడదు బాబూ. నిబంధన ఒప్పుకోదు. ఇంకో నిపుణుడితో మాట్లాడాను. ఆయన వచ్చి మళ్లీ చూస్తాడు."

"మళ్లీనా!" మేనేజరు బల్ల గుద్దాడు. "రేపటికి రిపోర్టు అందకపోతే వాళ్లు ఇంకో గని చూసుకుంటారు. పక్క గనివాళ్లు కొనేశార్రా ఇతన్ని!"

"నన్నెవరూ కొనలేదు. ఇక్కడ డ్రిల్లరెవరు?"

"నేనే. అయితే ఏంటి?"

పెద్దాయన వాణ్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఎందుకో నవ్వాడు కూడా.

"నీతో విడిగా మాట్లాడాలి. అలా బయటికి వెళ్దాం రా."

"చూశావా, చూశావా!" అన్నాడు మేనేజరు. "ఇప్పుడు నీకు బేరం పెడతాడు. మిషన్ నడిపేవాణ్ని కూడా లేకుండా చేస్తాడు!"

పెద్దాయన నవ్వుకి డ్రిల్లరు ఒళ్లు మండింది.

"ఏముంటే ఇక్కడే చెప్పు. అందరి ముందూ చెప్పు."

"ఇది అందరి ముందూ చెప్పే మాట కాదు," అని ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

రెంచి లేచింది.

మొదటి దెబ్బకే దవడ విరిగింది. ఏదో చెప్పబోయాడు గానీ నోట్లోంచి మాటకి బదులు రక్తం వచ్చింది. రెండో దెబ్బ, అడ్డం పెట్టిన చేతిని విరగ్గొట్టింది. రాతి కడ్డీల పెట్టెల మీద వెల్లకిలా పడ్డాడు. ఆ పెట్టెలన్నీ కూలి ఆయన మీదే పడ్డాయి.

మిగతావాళ్లూ ఊరుకోలేదు. జీతాలు లేని కాళ్లన్నీ ఆయన డొక్కలోనే దిగాయి. వంటవాడు కూడా వచ్చి ఒక తన్ను తన్ని, పొయ్యి మీద కూర మాడుతోందంటూ వెళ్లిపోయాడు.

"పెడతావా, పెట్టవా?" మేనేజరు పెన్ను తెచ్చి ఆయన వేళ్ల మధ్య ఇరికించాడు.

ఆయన పెన్ను వదిలేశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ చేతినే అతి కష్టం మీద డ్రిల్లరు వైపు చాచాడు.

డ్రిల్లరు దాన్ని బూటుతో తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

అప్పుడు గానీ ఎవరికీ భయం వెయ్యలేదు. పెద్దాయన కదలడం లేదు.

"నాకేం సంబంధం లేదు," అన్నాడు మేనేజరు, అంతసేపూ అరిచిన నోటితోనే. "కొట్టింది నువ్వు. తీసుకెళ్లి ఏ ఆసుపత్రిలోనో పడెయ్."

ఎగదోసేవాళ్లు ఎప్పుడూ అంతే.

జీపు వెనక సీట్లో డ్రిల్లరు ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా ఆయన ముక్కులోంచి కారే రక్తం వాడి ప్యాంటుని తడుపుతోంది. ఎవరింటి పెద్దో, ఈయన కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో అని వాడికిప్పుడు గుర్తొచ్చింది!

"కాస్త ఓర్చుకోండి. వచ్చేశాం," అన్నాడు ఏడుపు గొంతుతో.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

క్యాంపులో ఫోనులు పనిచెయ్యవు. జీపు పెద్దరోడ్డు ఎక్కగానే వాడి జేబులో ఫోను మోగింది. పెళ్లాం.

"ఎన్నిసార్లు చేశానో తెలుసా? నిన్న మా నాన్నకి అంతా చెప్పేశాను!" ఆమెకి సంతోషం ఆగడం లేదు. "ఆయనదీ మీ రాళ్ల పనే. ముందే చెబితే భయపడి పారిపోతావని నీకు చెప్పలేదు. తిడతారనుకున్నా, ఒక్క మాట అనలేదు. నీది ఏ గని అని అడిగారు. చెప్పగానే ఒకటే నవ్వు. 'అల్లుడికి వాటా ఉన్న గనికి నేనెలా సంతకం పెడతానే? ఆ ముక్క నేనే చెప్పి అబ్బాయిని ఇంటికి తీసుకొస్తా' అని పొద్దున్నే మీ క్యాంపుకి బయల్దేరారు. కలిశారా?"