రాని డైలాగు

"ఆపండి!"

దర్శకురాలు చేతిలోని స్క్రిప్టును కుర్చీలోకి విసిరికొట్టింది. వేదిక మీద అందరూ బిగుసుకుపోయారు.

"అదేం చెప్పడమే? పదేళ్ల తర్వాత ఇంటికొచ్చిన తల్లి, ఎదిగిన కూతుర్ని క్షమించమని అడుగుతోంది. వినేవాళ్ల గుండె పిండేయాలి. నువ్వేమో బస్సు టైము చెప్పినట్టు చెప్తున్నావు!"

తల్లి వేషం వేస్తున్నది ఆమె సొంత కూతురే. తలవంచుకుని, "మళ్లీ చేస్తానమ్మా" అంది.

మళ్లీ చేసింది. మళ్లీ అదే పొడి గొంతు.

ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి నాయిక వేషాలు వేసిన మనిషి, మొదటిసారి దర్శకత్వం చేస్తోంది. ఎల్లుండే ప్రదర్శన. మిగతా సీన్లన్నీ చకచకా సాగిపోతాయి. ఈ సీను దగ్గరికొచ్చేసరికి బండి బురదలో దిగబడుతుంది. పది రోజులుగా ఇదే తంతు.

నాటక సమాజం కార్యదర్శి పక్కకొచ్చి గొణిగాడు. "కూతురని మొహమాటపడుతున్నారేమో మేడమ్. వేరే అమ్మాయిని చూద్దామా?"

ఆ మాట దర్శకురాలికి సూదిలా దిగింది. కడుపున పుట్టిన పిల్లకి తన విద్య ఆవగింజంతైనా అబ్బలేదా?

విసవిసా వేదికెక్కింది. ఎదుటి పాత్ర వేస్తున్న అమ్మాయిని లేపి, ఆ స్టూలు మీద తన కూతుర్ని కూర్చోబెట్టింది.

"నువ్వే కూతురివనుకో. కళ్లప్పగించి చూడు."

మోకాళ్ల మీద కూర్చుని కూతురి చెంప నిమిరింది.

"ఎంత ఎదిగిపోయావే! నీకు జడ ఎవరు వేశారో, జ్వరమొస్తే పక్కన ఎవరు కూర్చున్నారో నాకు తెలీదు. పిలిచావు, నేను రాలేదు. నన్ను క్షమించు తల్లీ."

ప్రాంప్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూశావుగా? ఇప్పుడు చెప్పు" అంటూ లేచింది దర్శకురాలు.

కూతురు చెప్పింది. గొంతు ఎక్కడ పూడుకుపోవాలో సరిగ్గా అక్కడే పూడుకుపోయింది. కార్యదర్శి ఉండబట్టలేక చప్పట్లు కొట్టేశాడు.

దర్శకురాలికి సంతోషం కంటే ముందు ఒళ్లు మండింది.

"ఇంత విద్య కడుపులో పెట్టుకుని, పది రోజులు నా ప్రాణం ఎందుకు తీశావే?"

కూతురు చెంపలు తుడుచుకుంది.

"నాకు మొదటిరోజే వచ్చేసిందమ్మా. ఆ మాట నీ నోట ఒక్కసారైనా విందామనీ..."