ఎదుటివాళ్ళ కళ్ళు

ముందు పోతున్న పాత తెల్లవ్యాను దారి ఇవ్వడం లేదు.

దుర్గాసాయి హారన్ కొట్టాడు. ఫలితం లేదు. కొల్లేరు నడిమధ్య రోడ్డు. అటూ ఇటూ నీళ్ళు, అంచున మెత్తటి బురద. చీకటి అప్పుడే పడుతోంది. వ్యాను పసుప్పచ్చ లైట్లు వేసుకుని పెళ్ళినడక నడుస్తోంది.

"ఈ దీపాలకన్నా లాంతరు నయం" అనుకున్నాడు.

అనుకోడూ మరి! తాడేపల్లిగూడెంలో కార్ల సామాన్ల షాపు అతనిది. తనకన్నా తెల్లటి లైటు జిల్లాలో ఎవడు వేస్తాడో చూపించమంటాడు. ఆ ఉదయమే తన కారుకి కంపెనీ ఇచ్చిన బల్బులు పీకి డాష్‌బోర్డు అరలో పడేశాడు. షాపులోకల్లా పెద్ద ఎల్‌ఈడీలు బిగించి, వెలుగు దూరం పోవాలని స్క్రూ తిప్పి పైకి లేపాడు. బల్బు మార్చాక గోడ ఎదుట నిలబెట్టి వెలుగు కిందికి దించాలని అతనికి తెలియక కాదు. దించితే గొప్పేముంది?

పైగా ఇవాళ తొందర కూడా ఉంది.

తల్లి ఇందుమతికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో పువ్వు వేసి, ఏడాదిగా మనవరాలు హర్షిత మొహం కూడా ఆవిడకి కనబడటం లేదు. పోయినవాళ్ళెవరైనా కన్ను ఇస్తేనే ఇక చూపు. ఆ కన్ను దొరికిందనీ, సాయంత్రానికి ఏలూరు ఆస్పత్రికి వస్తుందనీ, తెల్లారి ఆపరేషననీ మధ్యాహ్నం డాక్టరుగారు ఫోను చేశారు. దుర్గాసాయి అప్పుడు ముదినేపల్లిలో ఒక ధాన్యం వ్యాపారి కారుకి లైట్లు బిగిస్తున్నాడు. పని ముగించుకుని బయలుదేరాడు.

ఇక ఆగలేక హై బీమ్ వేశాడు.

వ్యాను అద్దాల్లో వెలుగు భగ్గుమంది. డ్రైవరు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కనిపించింది. వ్యాను తడబడి, అంచుకి జరిగి ఆగిపోయింది.

"లైటంటే ఇదీ. దారి దానంతటదే వస్తుంది" అనుకుంటూ దుర్గాసాయి దర్జాగా దాటిపోయాడు.

ఆస్పత్రికి చేరాడు గాని, కన్ను చేరలేదు.

వస్తుందంటావా అని, ముందే వచ్చి ఆస్పత్రిలో చేరిన తల్లి పదేపదే అడుగుతోంది. అడిగినప్పుడల్లా దుర్గాసాయికి ప్రాణం ఉసూరుమంటోంది. అంత విలువైనదాన్ని తెచ్చే మనిషికి బాధ్యత ఉండక్కర్లేదా అని నర్సు మీద విసుక్కున్నాడు.

చివరికి ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ఎర్రబడ్డ కళ్ళు. గుండెలకి హత్తుకున్న చిన్న తెల్లపెట్టె.

డాక్టరుగారు ఎదురెళ్ళి పెట్టె అందుకున్నారు. ఏమైందని అడిగారు.

"వెనకనుంచి ఎవరో లైట్లు కొట్టారండీ. కాసేపు ఏమీ కనపళ్ళేదు. వ్యాను బురదలో దిగిపోయింది. చేపల బండి ఆపి ఎక్కొచ్చానండీ. పెట్టెకేం కాలేదు."

డాక్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

దుర్గాసాయి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ పెద్దమనిషి, కృపానందం, అతన్ని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆయన చూసింది వెలుగునే గాని మనిషిని కాదు.

ముదినేపల్లి వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా అని కృపానందం వాకబు చేస్తున్నాడు. ఇంట్లో ప్రార్థన ఉందట. అందరూ ఆయన కోసమే ఆగి ఉంటారట.

"నేను దింపుతానండీ" అన్నాడు దుర్గాసాయి.

కారుని ఆస్పత్రి గోడ ఎదుట నిలబెట్టాడు. ఎల్‌ఈడీలు పీకేసి పాత బల్బులు బిగించాడు. గోడ మీద వెలుగు నడుం కిందికి దిగేదాకా స్క్రూ తిప్పాడు. అంత శ్రద్ధగా ఆ పని చెయ్యడం అతనికి అదే మొదలు.

దారిలో ఎదురొచ్చిన బళ్ళన్నీ ఇబ్బంది లేకుండా దాటిపోయాయి.

"మీ లైట్లు బాగున్నాయండీ" అన్నాడు కృపానందం.

షాపు పెట్టిన దగ్గర్నుంచీ ఎన్నో పొగడ్తలు విన్న దుర్గాసాయి ఈ ఒక్కదానికీ సిగ్గుపడ్డాడు. ఇందాక వెనకనుంచి లైట్లు కొట్టినవాడి మీద కోపం రాలేదా అని అడిగాడు.

"వాళ్ళకే తొందరుందో ఏమోనండీ. ఎవరన్నా ఆస్పత్రిలో ఉన్నారేమో."

 నిజం ఒప్పుకోవడానికి బదులు, అమ్మకి పెట్టే కన్ను ఎవరిదని అడిగాడు.

అది చెప్పకూడదనీ, అలాంటి కట్టుబాటు ఉందనీ అన్నాడు కృపానందం. అని ఊరుకోలేకపోయాడు. ఆయన గొంతులో గర్వం తొణికింది.

"మంచి కళ్ళండీ. ఎంతమంది పిల్లల రాత దిద్దాయో."

ఊళ్ళో ఆయన ఇంటి ముందు షామియానా, కుర్చీల నిండా జనం. కృపానందం కారు దిగి తిన్నగా లోపలికి నడిచాడు. వరండాలో అద్దాలపెట్టె చూసి దుర్గాసాయి షామియానా కిందే ఆగిపోయాడు.

ఎవరు పోయారని పక్కనున్న ముసలాయన్ని అడిగాడు.

"పుష్పలత టీచరుగారండీ. కృపానందంగారి భార్య."

ముసలాయన కళ్ళు తుడుచుకుని, తమ ఊరి గొప్ప చెప్పుకుంటున్నట్టు తల ఎత్తాడు.

"చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్ళి, చేతులు జోడించి కళ్ళడిగే మనిషండీ ఆయన, ఇవాళ తనింట్లో ఎవరిచేతా అడిగించుకోకుండా, ఆవిడ కళ్ళు తనే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చారండీ."