చిల్లు డ్రమ్ము

“స్టేజి మీద ఒక్క వాయిద్యమన్నా కనపడకపోతే మీ మామగారు లేచి వెళ్ళిపోతారండీ,” అన్నాడు హాలు సెక్రటరీ చెమట తుడుచుకుంటూ.

“మాది వాయిద్యాల్లేని కచేరీ అని పోస్టరు మీద ఇంతింత అక్షరాలతో వేశారుగా,” అన్నాడు దరువు.

ఆ పేరు బృందం పెట్టింది. ఆరుగురిలో ఐదుగురు పాడతారు. ఇతను ఒక్క నోటితోనే డ్రమ్ముల మోత మోగిస్తాడు. ఊరూరా ఆ బృందానికున్న పేరులో సగం ఇతనిదే. అంత పేరూ అత్తవారింట్లో మాత్రం చెల్లని కాసే. హాలు అధ్యక్షుడైన మామగారు అల్లుడి కచేరీకి రావడం ఇదే మొదలు. ఆయన నోట ఒక్క శభాష్ వింటే చాలునని దరువు పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా సహించక తిరుగుతున్నాడు.

“పోస్టరు ఆయన చదవరండీ. సంతకం పెడతారంతే,” అన్నాడు సెక్రటరీ.

కాదంటే మొదటికే మోసం వచ్చేలా ఉంది. దరువు సరేనన్నాడు.

స్టోరు రూములోంచి చిల్లుపడిన డ్రమ్ము ఒకటి వచ్చింది. ఇన్నాళ్ళూ వాచ్‌మన్ అందులో తన టిఫిన్ డబ్బా దాచుకునేవాడు. కాబట్టి దాని వెనక కూర్చునే పనీ అతని నెత్తినే పడింది. ఎవరిదో కోటు తొడిగారు. రోజూ తన కారుకు గేటు తీసేవాడి మొహం అధ్యక్షులవారు ఏనాడైనా చూస్తేగా గుర్తుపట్టడానికి!

“చేతులు ఊపు. చప్పుడు మాత్రం రానీకు,” అన్నాడు సెక్రటరీ.

“చిల్లుదానికి చప్పుడెక్కడిదండీ,” అన్నాడు వాచ్‌మన్.

కచేరీ మొదలైంది. దరువు ప్రాణం పెట్టేశాడు. పెదాల కదలికతోనే ఉరుములు ఉరిమించాడు, గుర్రాలు పరిగెత్తించాడు. వాచ్‌మన్ మొదట్లో బిక్కుబిక్కుమంటూ చేతులు ఊపాడు. కాసేపటికి ధైర్యం వచ్చి, కళ్ళు మూసుకుని తల కూడా ఊపాడు. హాలంతా ఊగిపోయింది. ముందు వరసలో మామగారి కాలు తాళం వెయ్యడం దరువు కళ్ళారా చూశాడు. ఇన్నాళ్ళకు తన పంట పండిందనుకున్నాడు.

చివర్లో మామగారు ఉత్తమ కళాకారుడి పతకం పట్టుకుని స్టేజి ఎక్కారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. మెడ వంచిన అల్లుణ్ణి దాటుకుని వెళ్ళి, వాచ్‌మన్ మెళ్ళో వేశారు.

“మామయ్యగారూ, అది నేను...”

“నువ్వూరుకో అల్లుడూ. పాట రాకపోయినా రెండు గంటలు నోరు మెదుపుతూ నెట్టుకొచ్చావు. నేను చూళ్ళేదనుకోకు.” ఆయన వాచ్‌మన్ రెండు చేతులూ పట్టుకున్నారు. “మాస్టారూ, మావాణ్ణి మీ దగ్గర చేర్చుకుని కాస్త ఈ విద్య నేర్పుతారా?”

వాచ్‌మన్ పతకం సర్దుకుని, దరువును ఎగాదిగా చూశాడు.

“ఆదివారాలు ఖాళీయే, పంపించండి. కాకపోతే ఇది అందరికీ పట్టుబడే విద్య కాదండీ.”