రొట్టె కొట్టే చేతులు

“ఎవతివి ఈ చేతులు?” అంది నాగలక్ష్మమ్మ, లాప్‌టాప్‌ను వేలితో అవతలికి తోస్తూ.

తెర మీద ఆమె మెస్ వెబ్‌సైట్ ఉంది. కర్నూలులో జొన్నరొట్టె అంటే ముప్పయ్యేళ్లుగా ఆమె మెస్సే. రేపు పొద్దున ఆ వెబ్‌సైట్‌ను జనంలోకి వదలాలి. మెస్ బోర్డు ఫొటో బాగా వచ్చింది. చెనిక్కాయల పొడి ఫొటో చూస్తేనే నోరూరుతోంది. తీరా అసలైన చోట, ‘మా గురించి’ అన్న పేజీలో, నాగలక్ష్మమ్మ ఉండాల్సిన చోట ఎవరివో రెండు చేతులున్నాయి. వేళ్లనిండా పిండి, మణికట్టు పక్కన పెనం కాల్చిన మచ్చ, మోచేతి దాకా తోసుకున్న రెండు నల్ల రబ్బరు గాజులు.

ఎదురుగా కూర్చున్న డిజైనరు పేరు శివజ్యోతి. నాగలక్ష్మమ్మ మేనల్లుడు భూపేష్ కుదిర్చాడు. ఇన్నాళ్లూ మాటలన్నీ ఫోన్లోనే, మనిషిని చూడటం ఇదే మొదలు. ఇరవై మూడేళ్లుంటాయేమో.

“బాగలేవా మేడం?”

“బాగుండేది లేంది కాదు పాపా. నిన్నంతా నేను మహానందిలో ఉంటి. నేను లేనప్పుడు ఈడికొచ్చి ఫొటోలు తీసుకోని పోతివి. మరి నా చేతులు నీకు యాడ దొరికినాయి? నెట్లోంచి ఎవతివో దించి పెట్టినావు.”

శివజ్యోతి అవునూ అనలేదు, కాదూ అనలేదు. అది ఒప్పుకున్నట్టే ఉందని నాగలక్ష్మమ్మకు ఇంకా ఒళ్లు మండింది.

అసలు ఈ వెబ్‌సైట్ గోలంతా మొదలైందే ఒక దొంగతనం వల్ల. ఎర్రగుంట్లలో ఎవడో ‘నాగలక్ష్మమ్మ చేతి రొట్టె’ అని బోర్డు పెట్టుకుని సిమెంటు లారీల వాళ్లకు అమ్ముకుంటున్నాడని రెండు నెలల కిందట తెలిసింది. ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. అసలు రొట్టె ఎవరిదో, దాని వెనకున్న చెయ్యి ఎవరిదో లోకానికి తెలియాలి. లేకపోతే ముప్పయ్యేళ్ల పేరు వాడి పాలవుతుంది. ఇదంతా ఫోన్లో చెప్తే డిజైనరు పొల్లుపోకుండా రాసుకుంది. ఇప్పుడు పేజీ పైన పెద్ద అక్షరాల్లో ఆమె మాటే ఉంది: ‘ఒకరి చేతి కష్టాన్ని ఇంకొకరు తమ పేరు మీద అమ్ముకుంటే అది దొంగతనమే.’ అంత మంచి మాట కింద ఈ కాలిన చేతులేమిటి?

పనిచేసే భీమక్క లోపలి నుంచి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. నాగలక్ష్మమ్మ వచ్చినప్పుడు కుర్చీలోంచి సగమే లేచిన ఆ పిల్ల, టీ తెచ్చిన మనిషికి మాత్రం నిలువునా లేచి, రెండు చేతులా గ్లాసు అందుకుంది. ఎవరికెంత మర్యాద ఇవ్వాలో కూడా తెలియని దాన్ని కుదిర్చాడే అని నాగలక్ష్మమ్మ లోపల్లోపలే మేనల్లుణ్ని తిట్టుకుంది. భీమక్క తలెత్తకుండా వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో రొట్టె కొట్టే చప్పుడు మళ్లీ మొదలైంది.

“అయితే మీ చేతులే పెడతా మేడం. ఒక్క రొట్టె కొట్టండి, ఇప్పుడే ఫొటో తీసుకుంటా.”

నాగలక్ష్మమ్మ తన బంగారు గాజుల వైపు ఒకసారి చూసుకుంది. నడుం నొప్పి, ఈ పొద్దు కింద కూర్చోలేనంది. ఊరికే పిండి ముద్ద పట్టుకుని నిలబడతాను, తీసుకోమంది. అది అబద్ధం అవుతుందేమో అని డిజైనరు గొణిగింది. ఆ మాటతో నాగలక్ష్మమ్మకు కోపం నెత్తికెక్కింది. ఎవతి చేతులో తెచ్చి అంటించిన పిల్ల తనకు నీతులు చెప్పడమా?

“అబద్ధమాడేది నువ్వు. రొట్టె కొట్టేదొకరు, జనానికి చూపించేదొకరు అయితే, ఆ ఎర్రగుంట్లోనికీ నాకూ తేడా ఏముండాది?”

“ఏమీ ఉండదు మేడం” అంది శివజ్యోతి నెమ్మదిగా.

ఆ నెమ్మది నాగలక్ష్మమ్మకు నచ్చలేదు. టీ సగంలోనే పక్కన పెట్టేసింది.

“నిన్న మెస్ మూసినారా మేడం?”

“మూస్తే జనం ఊరుకుంటారా? నేనున్నా లేకున్నా నూటేభై రొట్టెలు పోవాల్సిందే.”

“రుచి ఏమన్నా తగ్గిందన్నారా?”

“ఒక్కరు కూడా అనలే. ఎప్పట్లాగే శానా బాగుండాయన్నారు.” అంతలోనే ఆమెకు అసలు సంగతి గుర్తొచ్చింది. “మాట మార్చొద్దు పాపా. ఈ చేతులున్నామె పేరేమి, యాడుంటాది? అడక్కుండా పెట్టుకుంటే ఊరుకుంటాదా? రేపు ఆమె వచ్చి, నా చేతులతో మీరు పేరు తెచ్చుకుంటారా అని నిలదీస్తే నేనేం జవాబు చెప్పాల?”

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

భీమక్క వచ్చి గడప దగ్గర నిలబడింది. కొంగుతో చేతుల పిండి తుడుచుకుంటుంటే, మోచేతి దాకా తోసుకున్న రెండు నల్ల రబ్బరు గాజులు మణికట్టు మీదికి జారాయి. శివజ్యోతి వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

శివజ్యోతి లేచి నిలబడింది.

“మా అమ్మవి మేడం, నిన్న మీ వంటింట్లోనే తీసినా.”