ముప్ఫై ప్రశ్నల కాగితం

"మాటలతో కిడ్నీలు పనిచేస్తాయా?" అన్నాడు పెద్ద డాక్టరు, అందరి ముందూ.

హెడ్ నర్సు నవ్వు దాచుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. కౌన్సెలర్ మాత్రం నవ్వలేదు. డయాలసిస్ వార్డులో రోగుల మనసు సంగతి చూడటం ఆమె ఉద్యోగం. అందుకు ఆమెకిచ్చింది ఓ మూల గది, రెండు కుర్చీలు, ఒక కాగితం. అందులో ముప్ఫై ప్రశ్నలు. నిద్ర పడుతోందా? ఎంత దూరం నడవగలరు? బతకాలనిపిస్తోందా? జవాబులన్నీ కూడితే వందకి ఇన్ని అని మార్కులొస్తాయి. జబ్బు ఎంతుందో చెప్పడానికి రక్తపరీక్షలున్నాయి. ఆ జబ్బుతో మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పేది ఆ కాగితమొక్కటే.

మూడో మంచం పెద్దాయనకి పంతొమ్మిదొచ్చాయి.

"ఆయన్నొదిలెయ్యమ్మా," అన్నాడు డాక్టరు. "స్ట్రెచర్ మీద వస్తాడు, స్ట్రెచర్ మీద పోతాడు. విశ్రాంతి కావాలని మూణ్ణెల్లకోసారి రాసిస్తూనే ఉన్నా. ఆ మనిషి పనైపోయింది."

"నేను లేపి నిలబెడతా."

"పందెమా?"

"పందెమే అనుకోండి."

ఆమె కళ్ళల్లో కసి చూసి డాక్టరు వెటకారం ఆపేశాడు. కిందటేడు కూడా ఇలాగే పదిమందిలో ఆమె పరువు తీశాడాయన. ఆ మంట ఇంకా చల్లారలేదని, ఈసారి ఆయన ముక్కుకి తాడు వేసేదాకా నిద్రపోదని వార్డంతా చెప్పుకుంది.

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"చాలమ్మా. వారానికి మూడుసార్లు ఈ సూదులు నావల్ల కాదు. ఆపెయ్యమని చెప్పు వాళ్ళకి. నాలుగు రోజులు ఆయాసపడి పోతాను. పీడా వదిలిపోతుంది."

"పోతారా? అంత తేలిగ్గానా?" ఆమె మంచం మీదికి వంగింది. "నేను పోనివ్వను."

పెద్దాయన ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నా కడుపున పుట్టినవాళ్ళు కూడా ఈ మాట అనలేదు తల్లీ."

ఆ మర్నాటి నుంచి ఆయన్ని వదిలితే ఒట్టు. సూదులు గుచ్చేరోజే కాదు, మిగతా రోజుల్లోనూ రప్పించింది. మెత్తటి కుర్చీ తీయించేసి చెక్క బెంచీ వేయించింది. మొదట పది నిమిషాలు. తరవాత అరగంట. ఆపైన మూడు గంటలు. ఆస్పత్రి వెనక ఇరవయ్యారు మెట్లున్నాయి. వాటిని రోజూ ఎక్కించింది. పాత సంగతులు తేదీలతో సహా చెప్పించింది. తడబడితే మళ్ళీ మొదటినుంచి.

"ముసలాయన మీద కాస్త జాలి చూపించవే," అంది హెడ్ నర్సు.

"జాలి చూపించే రోజులైపోయాయక్కా."

ఓసారి ఆయన సంచిలో దొంగచాటుగా తెచ్చుకున్న నీళ్ళ సీసా దొరికింది. కిడ్నీలు పాడైన మనిషి గ్లాసు లెక్కన తాగాలి. మోతాదు మించితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సీసా మొత్తం సింకులో ఒంపేసింది.

"ఇలా నా చేతుల్లోంచి జారిపోదామనుకుంటే ఊరుకోను," అని వార్డు అదిరేలా అరిచింది.

పెద్దాయన చిన్నపిల్లాడిలా తలొంచుకున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "ఇంత చేస్తున్నావు. నన్ను బాబాయ్ అని పిలవచ్చు కదమ్మా?"

ఆ పిలుపు మాత్రం ఆమె నోటికి రాలేదు.

"మెట్లెక్కండి," అంది.

సాయంత్రం ఇంటికెళితే తల్లి చెప్పులైనా విడవనిచ్చేది కాదు. ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగేది.

"ఎన్నొచ్చాయి?"

"నలభై ఏడు."

"చాలవు. వదలకు."

"నువ్వు ముందు మాత్రలు వేసుకోమ్మా. కాస్త పడుకో."

"నాకు నిద్రేమిటే?" అనేసి తల్లి ఇంకో చీర అందుకునేది. ఆ ఇంట్లో అమ్మాకూతుళ్ళిద్దరిదీ ఒకటే పట్టు.

ఆరో నెలలో పెద్దాయన స్ట్రెచర్ లేకుండా వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముప్ఫై ప్రశ్నలకీ గట్టిగా జవాబులు చెప్పాడు. కింద తనే సంతకం చేశాడు.

డెబ్భై రెండు.

డాక్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పిచూశాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

"ఓడిపోయాను, ఒప్పుకున్నా. ఇక విశ్రాంతి కావాలని రాస్తే నన్నే తిడతారు. నివేదిక నువ్వే రాయి, నేను సంతకం పెడతా."

ఆమె నిలబడే రాసింది. మూడు గంటలు ఆపకుండా కూర్చోగలరు. మెట్లెక్కగలరు. జ్ఞాపకశక్తి బాగుంది. అడిగినదానికి తడుముకోకుండా చెప్పగలరు. ఒక్కో మాటా రాస్తుంటే ఆమెకి కడుపులో అయిదేళ్ళుగా రగులుతున్నదేదో కాస్త చల్లబడింది.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "నాకు మళ్ళీ ప్రాణం పోశావు. ఇది దేనికో నాకు తెలీదు కానీ, నువ్వు చల్లగా ఉండాలి తల్లీ."

"తెలుస్తుంది లెండి," అంది.

ఆ సాయంత్రం ఆమె తల్లిని వెంటబెట్టుకుని ప్రభుత్వ లాయరు ఆఫీసుకి వెళ్ళింది. నివేదిక ఆయన బల్ల మీద పెట్టింది.

"మా చెల్లెలు లోపల కాలిపోతుంటే కుట్టుమిషన్ల షెడ్డు తాళం తీయనివ్వని ఆ మనిషి, మంచం దిగలేనని కోర్టులో ఇక ఒక్క వాయిదా కూడా అడగలేడండీ."